నాన్న రాయించిన రెండో పేరు

అమెరికాలో ఉన్నవాడికి డబ్బు ఇబ్బందేమిటని విజయవాడ వన్ టౌన్‌లో ఎవరూ మొహం మీద అనరు గానీ, లోపల అనుకుంటారు. అనుకోవడంలో తప్పు లేదు. సామారంగం చౌక్ పక్క సందులో పుట్టి, హిందూ హైస్కూల్లో చదివి, డాలస్ దగ్గర ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. తిండికీ గుడ్డకీ లోటు లేదు. అయినా 2023 ఉగాది నుంచి 2025 దీపావళి దాకా మా నాన్న కష్టార్జితం చుట్టూ నేను, మా అమ్మ, మా చెల్లెలు, దాని భర్త తిరిగిన తిరుగుడు మాకే తెలుసు. అందులో ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ లంచం అడగలేదు. అందరూ రూల్ ప్రకారమే మాట్లాడారు. ఆ సంగతి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మా నాన్నది బట్టల కొట్టు. పెద్దది కాదు. టోకు వ్యాపారులు వస్త్రలత మార్కెట్‌లోకి వెళ్లిపోయాక కూడా ఆయన పాత సందులోనే ఉండి, పల్లెల నుంచి వచ్చే చిన్న బేరగాళ్లకు లుంగీలు, తువ్వాళ్లు, జాకెట్ గుడ్డలు అమ్ముతూ మా ఇద్దర్నీ చదివించాడు. రాత్రి కొట్టు కట్టేసి ఇంటికొచ్చాక చిట్టా రాయనిదే కంచం ముందు కూర్చునేవాడు కాదు. ఉగాదికి ఆవర్జా మార్చి కొత్త పుస్తకానికి పసుపు పెట్టేవాడు. ఐదు రూపాయలు తేడా వస్తే అది దొరికేదాకా మా అమ్మ వడ్డించకుండా కూర్చోవలసిందే.

ఉమ్మడి కృష్ణా జిల్లా వాళ్లకు బ్యాంకు కొత్తేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టింది 1923లో. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా మా వీధి పెద్దవాళ్లు ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకనే అంటారు. మా నాన్న డిపాజిట్లు అందులో లేవు. ఉన్న బ్యాంకు పేరు ఇక్కడ అనవసరం. కొట్లో మిగిలిన ప్రతి లక్షా ఆయన ఫిక్సెడ్ డిపాజిట్ చేసేవాడు. చేసిన ప్రతిసారీ రెండో పేరు నాది రాయించేవాడు. నేను సెలవుకు వచ్చినప్పుడు కాగితాల కట్ట ముందు పెట్టి, ఇక్కడొకటి, ఇక్కడొకటి అని సంతకాలు పెట్టించేవాడు.

"నేను పోయాక నువ్వు ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదురా. రసీదు చూపిస్తే చాలు, డబ్బు నీ చేతికొస్తుంది" అనేవాడు.

అమ్మ పేరు ఎందుకు రాయించలేదని అడిగితే, "దాన్ని బ్యాంకులకు తిప్పడమెందుకు" అన్నాడు. ఆయన దృష్టిలో అది అమ్మకు చేసిన మర్యాద.

2023 మార్చిలో, ఉగాదికి కొద్ది రోజుల ముందు, నాన్న పోయాడు. అప్పటికి ఆ రసీదులన్నీ కలిపితే 45 లక్షలు. ఆ డబ్బు మీద నెలకు సుమారు 26 వేలు వడ్డీ. అమ్మ బతుకు ఆ వడ్డీ మీదే. కర్మ అయ్యాక నేనూ చెల్లీ మరణ ధ్రువపత్రం పట్టుకుని బ్యాంకుకు వెళ్లాం. కౌంటర్ లోపలి ఆయన మర్యాదగానే చెప్పాడు. దేశంలో ఉన్న మనిషి తన ఖాతాలో విదేశంలో ఉన్న కొడుకును జాయింటుగా పెట్టుకోవడానికి రిజర్వు బ్యాంకు ఒప్పుకుంటుంది. ఆ మనిషి బతికి ఉన్నంతకాలం అది మామూలు ఖాతాయే. పోయిన రోజున మాత్రం మిగిలినవాడు ప్రవాసి కాబట్టి అది ప్రవాసులకుండే ఎన్‌ఆర్‌ఓ ఖాతా అయిపోతుంది. ఆ లెక్కన నిన్నటిదాకా మా అమ్మ బియ్యం, మందులు, కరెంటు బిల్లు నడిపిన వడ్డీ, ఇవాళ డాలస్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆదాయం.

ఎన్‌ఆర్‌ఓ వడ్డీకి మూలంలోనే 30 శాతం పన్ను కోస్తారు. సెస్ కలిపితే 31.2. అదే డబ్బు అమ్మ పేరున ఉంటే ఏటా ఏప్రిల్లో 15హెచ్ ఫారం ఇచ్చి ఒక్క రూపాయి కోత లేకుండా తీసుకునేది. 26 వేలు రావలసిన చోట 18 వేలు. అదీ ఖాతా మారాక. ముందు మారాలి కదా.

మారడానికి వాళ్లు అడిగినవి: పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, డాలస్ చిరునామాకు రుజువు, అమెరికా పన్ను నంబరుతో ఫాట్కా డిక్లరేషన్, పాన్ కార్డు. అన్నీ ఇచ్చి విమానం ఎక్కాను. నేను ఇక్కడ దిగాక, రుజువు మీద నోటరీ ముద్ర కావాలన్నారు. నోటరీ చేయించి పంపితే, సంతకం పాత రికార్డుతో కలవలేదన్నారు. పాతికేళ్ల వయసులో పెట్టిన సంతకం యాభైకి దగ్గరపడ్డాక ఎలా కలుస్తుంది? ఈలోగా జూలై 1 వచ్చింది. ఆధార్‌తో కలపని పాన్ కార్డులన్నీ ఆ రోజు నుంచి పనిచేయవు. ప్రవాసులకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కానీ నేను ప్రవాసినని పన్ను శాఖకు తెలిస్తే కదా! దేశం విడిచాక నేను అక్కడ రిటర్ను వేయలేదు, వేసేంత ఆదాయమూ లేదు. వాళ్ల కంప్యూటర్లో నేను ఇంకా హైదరాబాదులో తొలి ఉద్యోగం చేస్తున్న కుర్రవాణ్ణే. ఆ పాత అధికార పరిధి ఆఫీసుకు పాస్‌పోర్టు కాపీలతో అర్జీ పెట్టుకుంటే స్టేటస్ మారుస్తారు. మా బావ సెలవు పెట్టి బస్సెక్కి హైదరాబాదు వెళ్లాడు. ఒకసారితో పోలేదు.

ఓటీపీల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. బ్యాంకు రికార్డులో ఉన్న ఫోన్ నంబరు నాన్నది. నంబరు మార్చాలంటే పాత నంబరుకు వచ్చే ఓటీపీ చెప్పాలి. విజయవాడలో బ్యాంకు తెరిచేవేళకు డాలస్‌లో రాత్రి పదకొండున్నర. నేను కంప్యూటర్ ముందు, చెల్లి కౌంటర్ దగ్గర, నాన్న ఫోను ఇంట్లో అమ్మ చేతిలో. ఓటీపీ రాగానే అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకె చదివేది. చదివేలోపు గడువైపోయేది.

"ఆయన ఫోను ఆపించలేదురా. నెలనెలా రీచార్జి చేయిస్తూనే ఉన్నాను. ఎవరైనా చేస్తారేమోనని" అంది ఒక రాత్రి.

ఎవరు చేస్తారని నేను అడగలేదు. మూడు నెలలు వాడకపోతే ఆ నంబరు పోయేది. ఆవిడ అలా రీచార్జి చేయించబట్టే ఆ ఖాతా చివరికి తెరుచుకుంది.

ఆ నెలల్లో ఖర్చులకు నేను డాలర్లు పంపుతానంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "నాన్న డబ్బుండగా నీ డబ్బెందుకు" అనేది. నాన్న డబ్బు నా డబ్బయిపోయిందని ఆవిడకు నేనెలా చెప్పను?

ఇది ఇండియా వైపు సంగతి. అమెరికా వైపుది ఇంకొకటి.

మా ఊరి పిల్లలు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. పంజా సెంటర్ స్నేహితుడొకడు కువైట్‌లో పని చేస్తాడు. అక్కడ జీతం మీద ఆదాయపు పన్నే లేదు. వాడికీ ఎన్‌ఆర్‌ఓ తిప్పలున్నాయి గానీ, అవి ఒక్క దేశంతో తీరిపోతాయి. అమెరికా అలా కాదు. గ్రీన్ కార్డు చేతికొచ్చినవాడు లోకంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకు చెప్పాలి. విదేశీ సంపాదన దాచుకునే ఎన్‌ఆర్‌ఈ ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడ పన్ను కట్టాలి. ఈ ముక్క మన ఉగాది పార్టీల్లో ఎవరూ చెప్పరు. పైగా 1970 నాటి చట్టం ఒకటుంది. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ప్రతి ఖాతా వివరమూ ఎఫ్‌బార్ అనే ఫారంలో రాసివ్వాలి. 10,000 డాలర్లంటే అప్పట్లో ఎనిమిది లక్షలు. ఆ చట్టం పుట్టింది నల్లడబ్బు దాచేవాళ్ల కోసం. మా నాన్న లుంగీల లాభం దాని వలలో పడింది. డబ్బు ఎవరిదన్నది దానికి అనవసరం. ఖాతా మీద పేరుంటే చాలు.

నా సొంత ఎన్‌ఆర్‌ఈ ఖాతా ఏటా చూపిస్తూనే ఉన్నాను. నాన్న డిపాజిట్లు ఎన్ని ఉన్నాయో ఆయన పోయాకే తెలిసింది. డాలస్‌లో నా పన్ను లెక్కలు చూసే సీపీఏ గారు తెలుగాయనే. విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అలెగ్జాండ్రు బిట్నర్ అనే రుమేనియా మూలాలున్న అమెరికన్ కేసు చెప్పాడు. ఐదేళ్లు ఎఫ్‌బార్లు వేయనందుకు, ఖాతాకింత చొప్పున 27 లక్షల డాలర్లకు పైగా జరిమానా అడిగింది ప్రభుత్వం. 2023 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో, లెక్క ఖాతాకు కాదు, ఫారానికి అని తేల్చి దాన్ని 50,000కు దించింది. "మీకు ఆ భయం అక్కర్లేదు, వడ్డీ మీ నాన్నగారిది, ఆయన పన్ను ఆయన కట్టుకున్నారు. మీరు దాచిన ఆదాయం లేదు. ఆలస్యంగానైనా ఆరేళ్ల ఫారాలు కారణం రాసి వేసేద్దాం. అలాంటివాళ్లకు జరిమానా వేయరు. కానీ ఏ ఏడాదికి ఆ ఏడాది, ప్రతి డిపాజిట్‌లో గరిష్ఠంగా ఎంత ఉందో కావాలి" అన్నాడు.

బ్యాంకును అడిగితే, మూసేసి తిరిగి వేసిన డిపాజిట్ల పాత వివరాలు సిస్టంలో రావడం లేదన్నారు. నాన్నవి ప్రతి ఏడాదీ మెచ్యూరయ్యి కొత్త నంబరుతో మళ్లీ మొదలయ్యేవి. ఎటూ తోచలేదు. అప్పుడు చెల్లి అంది: "అన్నయ్యా, ఆవర్జాలు ఉన్నాయిగా!"

బీరువాలో ఎర్ర అట్టల పుస్తకాలు. ఏ రోజున ఏ రసీదు, ఎంత అసలు, ఎంత శాతం, ఎప్పుడు తిరిగేసింది, వడ్డీ ఎందులో జమ అయింది, అన్నీ ఆయన చేతిరాతలో ఉన్నాయి. చెల్లి పేజీ పేజీ ఫోటో తీసి పంపింది. నేను వారాంతాలు కూర్చుని ఎక్కించాను. నాన్న ఏడాది ఉగాదికి మొదలవుతుంది, ఇండియా ఏడాది ఏప్రిల్ ఒకటికి, అమెరికా ఏడాది జనవరి ఒకటికి. ఒక పుస్తకం లెక్కను రెండుగా కత్తిరించి, మూడోదానికి అతికించాలి. డిసెంబరు 31 నాటి అమెరికా ఖజానా మారకం రేటుతో డాలర్లలోకి మార్చాలి. చేశాను. బ్యాంకు కంప్యూటర్ ఇవ్వలేని లెక్క మా నాన్న ఇచ్చాడు. ఆ ఆరు ఫారాలూ వేశాక ఇప్పటిదాకా ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇంకా ఉంది. విదేశీయుడి నుంచి ఒక్క ఏడాదిలో లక్ష డాలర్లు మించి వారసత్వం వస్తే 3520 అనే ఫారం యూటా రాష్ట్రంలో ఆగ్డెన్‌కు పోస్టులో పంపాలి. పన్నేమీ ఉండదు, సమాచారమే. పంపకపోతే మాత్రం నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా. సర్వైవర్‌గా వచ్చిన 45 లక్షలూ, ఇంట్లో నా మూడో వంతు విలువా కలిపితే నాది ఆ గీత దాటింది. పంపాను. 2024 మొదట్లో పాన్ సర్దుకుని, ఖాతా కదిలి, ఆ 45 లక్షలూ అమ్మ పేరున రాశాక మరో ఫారం మొలిచింది. ఆ ఏడాది ఒకరికి 18,000 డాలర్లు మించి బహుమతి ఇస్తే 709 నింపాలి. మా అమ్మ డబ్బు మా అమ్మకు ఇచ్చినందుకు, అది బహుమతి అని అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చాను. నవ్వొచ్చింది. నవ్విన రోజు అదొక్కటే.

అమెరికాతో ఇండియాకు 1989లో కుదిరిన పన్ను ఒప్పందం ఉంది. దాని కింద వడ్డీ కోత 15 శాతానికి తగ్గుతుంది. అందుకు అమెరికా పన్ను శాఖ నుంచి నివాస ధ్రువపత్రం తేవాలి. 85 డాలర్లు కట్టి అర్జీ పెట్టాను. అది వచ్చేసరికి డిపాజిట్లు అమ్మ పేరున మారిపోయాయి. దాచుకున్నాను.

ఇక ఇల్లు. నాన్న పోయాక అమ్మ ఆ పాత ఇంట్లో ఒంటరిగా మెట్లెక్కి దిగలేక సింగ్ నగర్‌లో చెల్లెలింటికి వెళ్లింది. ఇల్లు అమ్మేద్దామని ముగ్గురం అనుకున్నాం. వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ నాకూ చెల్లికీ సమాన వాటాలు. పక్క వీధి బట్టల వ్యాపారి ఒకాయన కోటీ 74 లక్షలకు ఒప్పుకున్నాడు. మనిషికి 58 లక్షలు. 2024 జూన్‌లో అగ్రిమెంటు రాసుకున్నాం.

సగం బ్లాకులో ఇస్తానని మొదట అన్నాడు. మా దగ్గర అది కొత్త మాట కాదు, తప్పు మాటగా కూడా ఎవరూ వినరు. వద్దన్నాను. నాకొచ్చే ప్రతి రూపాయీ రెండు దేశాలకు చూపించుకోవలసినదే, చూపించలేని రూపాయి నాకెందుకు? ఆయన ఒప్పుకున్నాడు గానీ, నా మూలంగా ఆయన మీద పడే పని తెలిశాక మళ్లీ వెనక్కి తగ్గాడు. అమ్మ, చెల్లి స్వదేశీయులు. వాళ్ల వాటాకు ఆయన ఒక్క శాతం కోసి, తన పాన్ నంబరుతోనే కట్టేయొచ్చు. నా వాటాకు అలా కాదు. కొనేవాడు అప్పటి రూల్ ప్రకారం పన్ను కోసేవాళ్లకిచ్చే టాన్ నంబరు తీసుకోవాలి, వేరే చలానా కట్టాలి, మూడు నెలల రిటర్ను వేయాలి, నాకు సర్టిఫికెట్ ఇవ్వాలి. "బాబూ, నేను ఇల్లు కొనుక్కుంటున్నానా, కంపెనీ పెడుతున్నానా?" అన్నాడు ఫోన్లో. ఆయన్ని ఏమనగలను?

"నీ వాటా అమ్మగారికి రాసిచ్చేయరాదూ, అంతా ఒక్క శాతంతో పోతుంది" అని వీధిలో చాలామంది సలహా ఇచ్చారు. చట్టంలో వీలుంది కూడా. కానీ మళ్లీ 709, మళ్లీ అమ్మ నుంచి నాకు. ఆ గానుగ మళ్లీ తిరిగే ఓపిక నాకు లేకపోయింది.

జూలై 23న బడ్జెట్ వచ్చింది. అప్పటిదాకా ఇళ్ల అమ్మకం లాభం మీద 20 శాతం పన్ను, ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న విలువను పెంచుకునే వీలూ ఉండేవి. ఆ వీలు తీసేసి 12.5 శాతం చేశారు. గోల పుట్టింది. ఆగస్టులో సవరణ తెచ్చి, పాత ఆస్తులకు రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టమన్నారు. కానీ ఆ సవరణ స్వదేశంలో ఉన్నవాళ్లకే. ప్రవాసికి లేదు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. మా ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ 30 లక్షలని వాల్యుయర్ తేల్చాడు. మనిషికి 10 లక్షలు. చెల్లికి అది ధరల సూచీ 363తో హెచ్చి 36 లక్షల 30 వేలయింది. చెల్లి లాభం 21 లక్షల 70 వేలు, 20 శాతం పన్ను 4 లక్షల 34 వేలు. నాకు 10 లక్షలు 10 లక్షలుగానే ఉండిపోయాయి. లాభం 48 లక్షలు, పన్ను 6 లక్షలు. సెస్ ఇద్దరికీ వేరే. ఒకే తండ్రి, ఒకే ఇల్లు, ఒకే దస్తావేజు, ఒకే రోజు. లక్షా 66 వేలు తేడా. ఈ నిబంధనకు న్యాయమైన కారణం ఏమిటో ఎవరైనా చెబితే వినాలనుంది. ఇండియాలో మా ఆడిటర్ గారినీ అడిగాను. "చట్టం అంతే" అన్నారు.

పన్ను కంటే కోత పెద్దది. ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే లాభం మీద కాదు, మొత్తం 58 లక్షల మీద కోస్తారు. సర్‌ఛార్జి, సెస్ కలిపి 14.3 శాతం, అంటే 8 లక్షల 29 వేలు. చెల్లికి కోత 58 వేలు. నాది తగ్గాలంటే పన్ను అధికారికి అర్జీ పెట్టి తక్కువ కోత సర్టిఫికెట్ తేవాలి. ఆ అర్జీలో కొనేవాడి టాన్ నంబరు రాయాలి. సర్టిఫికెట్ వస్తేనే టాన్ తీసుకుంటానని ఆయన, టాన్ ఉంటేనే సర్టిఫికెట్ అని సిస్టమూ. మా ఆడిటర్ గారు ఆయన కొట్టుకు స్వయంగా వెళ్లి, టీ తాగి, ఆ పని తన ఖర్చుతో తనే చేసిపెడతానని ఒప్పించారు. ఆ ఒక్క పూట పని విలువ నేను ఫీజులో కట్టలేను.

ఈలోపు బుడమేరు వాగు వరద. చెల్లి పేరున నేను హ్యూస్టన్ కాన్సులేట్ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ రాయించి ఆగస్టులో కొరియర్ చేశాను. అది దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. రేపో మాపో వెళ్దామనుకుంటుండగా గట్లు తెగాయి. సెప్టెంబరు 1 తెల్లవారేసరికి సింగ్ నగర్ నీళ్లలో ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక ఎన్నడూ లేనంత వరద. చెల్లెలిల్లు కింది పోర్షను. అమ్మనీ పిల్లల్నీ పైవాళ్లింటికి ఎక్కించారు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. ఒక రాత్రంతా డాలస్‌లో టీవీ చానెళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను. పడవల్లో బియ్యం, పాలు పంచుతున్న దృశ్యాల్లో మా వాళ్ల మేడ కనిపిస్తుందేమోనని వెతికాను. తర్వాతి రాత్రి బావ ఎవరిదో ఫోన్ నుంచి చేశాడు. "అందరం బాగున్నాం బావా. కాగితాలు పోయాయి" అన్నాడు.

బీరువా కింది అరలో ఉన్న పవర్ ఆఫ్ అటార్నీ, ఇంటి లింకు డాక్యుమెంట్లు, నాన్న ఆవర్జాలు అన్నీ ముద్దయిపోయాయి. నీళ్లు తీశాక అమ్మ ఆ పుస్తకాలను మేడ మీద ఎండబెట్టిందట. సిరా నిలవలేదు. పేజీల ఫోటోలు నా దగ్గరున్నాయి, అంతే. దస్తావేజులకు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలు తీయించారు. నేను మళ్లీ పవర్ రాయించి పంపాను. ఇల్లు బురదలో ఉన్న మనుషుల్ని ఆఫీసులకు తిప్పుతున్నందుకు నాకు సిగ్గేసింది. చెల్లి మాత్రం ఒక్క మాట అనలేదు. కొనే ఆయన కూడా గడువు పొడిగించాడు. వరదలో ఆయన సరుకూ తడిసింది, అయినా బేరం విరవలేదు.

2024 డిసెంబరులో రిజిస్ట్రేషన్ అయింది. అప్పటికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. నా వాటాలో కోత 11 శాతానికి కాస్త లోపు పడింది. నా డబ్బులో కొంత ఇక్కడి ఇంటి అప్పుకు తెచ్చుకున్నాను. అందుకు ఆడిటరు సర్టిఫికెట్, ఆన్‌లైన్ డిక్లరేషన్. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చని ఫారం మీద అచ్చేసి ఉంది. మా వీధి మొత్తం అమ్మినా నాకు అంత రాదు.

అమెరికాలో చివరి ముడి వేరే. ఇండియా లెక్కలో నాకు 48 లక్షలు లాభం. అమెరికా చట్టం వారసత్వపు ఆస్తికి 2001 చూడదు, తండ్రి పోయిన రోజు విలువ చూస్తుంది. దానికి ఇంకో వాల్యుయేషన్ సర్టిఫికెట్. ఆ లెక్కలో నా లాభం 3,000 డాలర్లు కూడా లేదు. అక్కడ కట్టిన పన్ను ఇక్కడ తగ్గించుకోవచ్చు గానీ, ఇక్కడ పన్నే లేనప్పుడు దేనిలోంచి తగ్గించుకోను? మిగిలింది పదేళ్లపాటు ముందుకు తోసుకోవచ్చట. పైగా అమెరికా రిటర్ను ఏప్రిల్ 15కు, ఇండియా రిటర్ను గడువు 2025లో సెప్టెంబరుకు జరిగింది. అక్కడ ఎంత తేలిందో తెలియకుండా ఇక్కడ రాయలేం. అక్టోబరు 15 దాకా గడువు తీసుకుని, ఆ వారమే వేశాను. దీపావళికి పని పూర్తయింది.

ఈ రెండున్నరేళ్లలో సంతకం నాది, కాళ్లు మా చెల్లివి, బావవి. కాగితాల మీద వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. విదేశాల్లో ఉన్నవాళ్ల డబ్బు కష్టాలంటే మాట్లాడేవాళ్లంతా మా గురించే మాట్లాడతారు. లైన్లో నిలబడ్డది వాళ్లు.

ఇది చదివే పెద్దవాళ్లలో, విదేశాల్లో ఉన్న కొడుకు పేరో కూతురి పేరో డిపాజిట్ మీద రెండోదిగా రాయించినవాళ్లుంటే ఈ నెలలోనే బ్యాంకుకు వెళ్లండి. రెండో పేరు భార్యదో భర్తదో పెట్టండి, బయట ఉన్న పిల్లలను నామినీలుగా రాయండి. మీరు బతికుండగా నామినీకి ఎఫ్‌బార్ లేదు, ఏ ఫారమూ లేదు. విదేశాల్లో ఉన్న మీ పిల్లలు పాన్ స్టేటస్ మార్పించుకున్నారో లేదో అడగండి. ఏ బ్యాంకులో ఏముందో ఒక కాగితం రాసి, ఫోటో తీసి ఇద్దరు పిల్లలకూ పంపండి. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను రాయవచ్చు. బ్యాంకులో ఆ ఫారం అడిగితే ఇస్తారు.